సూత్రధారి ఎడమచెయ్యి

దోసె తిరగేస్తుంటే నూనె చుక్క ఎగిరి మణికట్టు మీద పడింది. "ఓలమ్మో!" అంది నూకరత్నం. చెవి వెనక పూస టిక్కుమంది. నలభై ఒకటి కాస్తా నలభై అయింది.

"దోసెకో అంకె సొప్పున పోతే, టిఫినయ్యేసరికి ఇంట్లో సూత్రధారి ఉండదే, ఒట్టి వంటమనిషే మిగుల్తాది," అంది హాల్లోంచి అత్తగారు.

"కాలింది కదత్తా!"

"కాలితే? నాకు కాల్లేదేటి ఇన్నేళ్లూ? కిక్కురుమన్నానా?"

అనలేదు. ఆ సంగతి వీధి వీధంతా ఎరుగును. హన్వితమ్మ నిబ్బరాంకం ఎనభై ఎనిమిది. గుమ్మం పక్క పలక మీద ఇంటి నంబరు కన్నా పెద్ద అక్షరాలతో వెలుగుతూ ఉంటుంది. ఆ తరం ముసలమ్మల పేర్లన్నీ అలాంటివే, హన్వితలూ, జోషితలూ, ఆద్యలూ. ఆ పేర్లు వినీ వినీ విసుగెత్తి తర్వాతి తరంవాళ్లు మళ్లీ నూకరత్నాలనూ వరహాలనూ మాణిక్యాంబలనూ కన్నారు.

నిబ్బరపూస కందిగింజంత ఉంటుంది. చెవి వెనక ఎముకను అంటుకుని కూర్చుని గుండెదడను, గొంతు వణుకును, కనుబొమ్మల ముడతను, నోటెంట వచ్చే ప్రతి "అమ్మో"నూ లెక్కగడుతుంది. అది ఓర్పు వాటా. నాయకత్వం వాటా వేరు. దానికోసం పూస చుట్టుపక్కల పూసలతో గుసగుసలాడుతుంది. ఎవరు నోరు విప్పితే పక్కవాళ్ల గుండెలు తొణక్కుండా ఉంటాయో వాళ్లు నాయకులు. రెండూ కలిపి నూటికి ఒక అంకె. బస్సు నడపాలన్నా, బడిలో పాఠం చెప్పాలన్నా, అపార్ట్‌మెంటుకు సెక్రటరీ కావాలన్నా ఆ అంకే దిక్కు. పెళ్లిచూపుల్లో పూర్వం పాట పాడమనేవారట. ఇప్పుడు గిల్లి చూస్తున్నారు. పురిటిగదుల్లో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. చావింటి ముందు చుట్టాలు బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడతారు.

నూకరత్నం పెళ్లి మాత్రం సులువుగానే కుదిరింది. పెళ్లికొడుకు రాంబాబుది నలభై నాలుగు. "ఇద్దరూ ఇద్దరే, ఇంట్లో అరుపులకు లోటుండదు," అని పెళ్లిళ్ల పేరయ్య అప్పుడే చెప్పాడు.

"అత్తా, నీకు రెండు దోసెలా, మూడా?"

హన్వితమ్మ సోఫాలోంచి లేవబోయి, ఒక్క క్షణం ఆగి, చేత్తో గోడ పట్టుకుని లేచింది. ముఖంలో ఏమీ లేదు. "రెండు సాలు. తొందరగా కానీ. నీ పరీక్షకి నానూ వస్తన్నాను. ఓడిపోతే ఇంటికి దారి సూపించడానికి ఎవరో ఒకరుండాలి కదా."

*

పూసకూ ఆటకూ సంబంధం ఏమిటంటే, క్రికెట్‌లో దెబ్బలు తక్కువ. గంటల తరబడి ఆడినా ఎవరూ కింద పడరు. పూసలు తయారుచేసి నిబ్బరాన్ని అమ్ముకునే సంస్థకు అది గిట్టుబాటు కాలేదు. నిమిషానికొకరు నేలకరిచే ఆట కావాలని వెతికి అమెరికా బంతాటను పట్టుకొచ్చింది. రెండు మొనలున్న ఆ బంతికి సంస్థవారు అండబంతి అని పేరు పెట్టారు. అనకాపల్లి జనం గుడ్డుబంతి అన్నారు. జనం పెట్టిందే నిలిచింది.

ఆ ఆటలో పక్షానికి పదకొండు మంది. మధ్యలో, వెనగ్గా నిలబడేది సూత్రధారి. బంతి ముందు ఆమె చేతికే వస్తుంది. విసరాలా, పక్కవాళ్లకు అందించాలా, ఎటు నుంచి దూరాలా అన్నది ఆమె చెబితేనే. ఆమె ముందు వరసగా నిలబడే బలమైనవాళ్లను గోడ అంటారు. అవతలి జట్టు ఆ గోడను బద్దలుకొట్టి సూత్రధారిని చాపలా పరిచెయ్యాలని చూస్తుంది. పరిచిన ప్రతిసారీ ఆమె అంకె మైదానం మీది నింగిపలకలో పెద్దగా పడుతుంది. జనం పాయింట్లు చూడటం ఎప్పుడో మానేశారు. అంకెలే చూస్తారు.

అనకాపల్లి ఆడవాళ్ల జట్టు పేరు బెల్లం దిమ్మలు. ఆరేళ్లుగా దానికి సూత్రధారి నూకరత్నం. ఆమె చేతిలో జట్టు గెలిచిన ఆటలే ఎక్కువ. అయినా ఈ ఏడు సంస్థ కొత్త కట్టుబాటు పెట్టింది. యాభైకి తక్కువైతే సూత్రధారి పదవి నిలవదు, పరీక్ష పెట్టి మరొకరిని చూడాలి. ఆ మరొకరు హైదరాబాదు నుంచి ముందురోజే దిగింది. పేరు మాణిక్యాంబ. వయసు ఇరవై రెండు. అంకె తొంభై మూడు.

మైదానంలో ఆ పిల్లను చూసి నూకరత్నం కాస్త నిరాశపడింది. ద్వేషించడానికి వీలుగా ఉంటుందనుకుంది. తీరా చూస్తే కోచ్ హర్షిత్ నాయుడు మాస్టారి కాళ్లకు దండం పెట్టి, జట్టులో అందరినీ అక్కా అక్కా అని పలకరిస్తోంది. నూకరత్నం డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి ఇచ్చింది. మాణిక్యాంబ కుడిచెయ్యి చాచి, ఎడమచేత్తో మోచేతిని తాకుతూ, ప్రసాదం పుచ్చుకున్నట్టు పుచ్చుకుంది.

"మా జట్టు ఆచారం. తిని దిగాల," అంది నూకరత్నం.

"మంచిగుందక్కా," అంది ఆ పిల్ల. ముఖంలో తీపి తెలిసిన జాడ మాత్రం లేదు.

సంస్థ తరఫున వచ్చిన పరిశీలకురాలు డాక్టర్ యశ్వి వేదికెక్కింది. మర్యాదస్తురాలు. కుడిబుగ్గ కొద్దిగా ఉబ్బి ఉంది, మాట ఆ పక్కకు పోకుండా జాగ్రత్తపడుతోంది. "తుని జట్టుతో ఆట. మొదటి సగం మాణిక్యాంబ, రెండో సగం నూకరత్నం. ఆట ముగిశాక సూత్రధారి గుర్తుగా దండకడియం ఇచ్చేటప్పటికి ఎవరి అంకె ఎక్కువుంటే వారే సూత్రధారి. అంకెలు సమానమైన పక్షంలో జట్టును అడగాలి." ఆమె చిన్నగా నవ్వింది. "ఈ చివరి నిబంధన ఇంతవరకూ ఎవరికీ అవసరపడలేదు లెండి."

"ఒకరిది తొంభై మూడూ ఒకరిది నలభయ్యూ. ఇక్కడా అవసరపడదు," అన్నాడు మాస్టారు దిగులుగా.

*

మాణిక్యాంబ ఆట చూసి అసూయ పడదామంటే నూకరత్నానికి తీరిక దొరకలేదు. చెయ్యి అంత బాగుంది. బంతి గిరగిర తిరుగుతూ చెప్పిన చోటికి చెప్పినట్టు వెళ్లి వాలుతోంది. ప్రతి ఎత్తుకూ ముందు జట్టు గుండ్రంగా చేరి తలలు కలుపుతుంది, దాన్ని గుమి అంటారు. మాణిక్యాంబ గుమిలో రెండే మాటలు, ఒక చప్పట్లు. నింగిపలక మీద జట్టు గుండెలన్నీ ఒకే తాళంలో నడుస్తున్నాయి.

అప్పుడు తునివాళ్లు గోడను చీల్చారు. ఇద్దరు దూసుకొచ్చి ఆమెను ఎత్తి పడేశారు. కుడిభుజం ముందు నేలకు తగిలింది. చప్పుడు బెంచీ దాకా వినిపించింది.

ఆ పిల్ల నోట్లోంచి మాత్రం చప్పుడు లేదు.

నూకరత్నం తనకు తెలియకుండానే లేచి నిలబడింది. బెల్లం దిమ్మల్లో ఒక వాడుక ఉంది. పడినవాళ్లు అబ్బా అంటే ఎవరూ తిరిగి చూడరు, అది అలంకారం. ఓలమ్మో అంటే చెయ్యిచ్చి లేపుతారు. ఓలమ్మోలమ్మో అని రెండుసార్లంటే బదులు మనిషిని పిలుస్తారు. అసలు ఏమీ అనకపోతే మాత్రం అందరూ పరుగెత్తుతారు.

ఎవరూ పరుగెత్తలేదు. మాణిక్యాంబ లేచి నిలబడి ప్యాంటుకు అంటిన మట్టి దులుపుకుంది. నింగిపలక మీద తొంభై ఏడు పడింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. నూకరత్నం మెల్లగా కూర్చుంది. తొంభై ఏడు కదా, ఇంకేమంటాం.

ఆ తర్వాత మాణిక్యాంబ బంతి విసరలేదు. దగ్గరున్నవాళ్లకు అందిస్తూ తన వంతు ఆట గడిపేసింది. వ్యూహం మార్చిందని డాక్టర్ యశ్వి పక్కవాళ్లతో మెచ్చుకోలుగా అంది.

*

"సెప్పండర్రా. ఎవరికి ఎక్కడ?"

నూకరత్నం గుమి ఎప్పుడూ అలాగే మొదలవుతుంది. కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లలా తలా ఒక నొప్పి బయటపెడతారు. ఒకరికి పిక్క పట్టింది, ఒకరికి వేలు వాచింది, ఒకరికి బయటున్న మూడోరోజు. ఆ మూలుగులన్నీ విన్నాకే నూకరత్నం ఎత్తు చెబుతుంది. పిక్క పట్టినదాన్ని పరుగెత్తించదు. వేలు వాచినదానికి బంతి విసరదు. పూస దృష్టిలో మాత్రం ఇది భయాందోళన. గుమి చేరిన ప్రతిసారీ అందరి గుండెలూ ఎగిరిపడతాయి, సూత్రధారి అంకె రాలిపోతుంది.

గోడలో ఎడమ కొసన నిలబడే వరహాలు పలకలేదు.

"ఒలే వరహాలూ, నీకేటయింది?"

"పక్కటెముకప్పా," అంది వరహాలు నేల చూస్తూ. "ఇందాకే తగిలింది. ఆ గుంట అంత దెబ్బ తిని కిక్కురుమనలేదు కదా, నానెలాగ అంటాను? ఊపిరి తీస్తే గుచ్చుతన్నాది."

"అయితే ఊపిరి బయటికెల్లి తీసుకో. ఎల్లు."

"నానెల్తే ఎడం పక్క కన్నం పడిపోద్దప్పా!"

"పడనీ. కన్నం ఉందని తెలిస్తే సాలు. తెలీకపోతేనే పీకల మీదికొస్తాది."

వరహాలు బయటికి నడిచింది. నూకరత్నం కుడిపక్క నుంచే ఆడింది. ఎడమ కన్నంలోంచి తునివాళ్లు వస్తారని ముందే తెలుసు గనక, వాళ్లు మీద పడే లోపలే బంతి వదిలేస్తోంది. పడినప్పుడల్లా "ఓలమ్మో!" అని గుండెలు తీరా అరుస్తోంది. ఒక్క ఓలమ్మోనే కదా అని జట్టు నవ్వుతూ వచ్చి చెయ్యిస్తోంది. చివరికి బంతి గీత దాటింది. బెల్లం దిమ్మలు గెలిచారు.

నింగిపలక మీద మాత్రం వేరే ఫలితం ఉంది. మాణిక్యాంబ తొంభై ఎనిమిది. నూకరత్నం పంతొమ్మిది.

"పంతొమ్మిదేటే! అది అంకేటి, వయసులాగుంది!" అంది స్టాండులో మొదటి వరసలోంచి హన్వితమ్మ. కోడలి పరువు పోయినప్పుడు కూడా ఆవిడ గొంతు తగ్గదు.

*

దండకడియం వెండిది. డాక్టర్ యశ్వి రెండు చేతులా పట్టుకుని చాచింది. మాణిక్యాంబ ఎడమచేత్తో అందుకుంది.

జనంలో గుసగుస పుట్టింది. "ఎడం సేత్తో పుచ్చుకుంటదేటి!" అని హన్వితమ్మ అందరి తరఫునా పైకే అనేసింది. "అంకెకేం, ఆకాశమంత ఉన్నాది. పెంపకమేదీ?"

నూకరత్నం అప్పటికి బూట్ల తాళ్లు విప్పుకుంటోంది. ఆరేళ్ల కొలువు ఊడిపోయినప్పుడు మనిషికి చెయ్యడానికి అలాంటి పనే దొరుకుతుంది. తలెత్తి చూసింది. పొద్దున్న బెల్లం ముక్కకే మోచేతికి చెయ్యి ఆనించిన పిల్ల, వెండి కడియాన్ని ఎడమచేత్తో పుచ్చుకుందా?

ఒక బూటుతోనే వేదికెక్కింది.

"ఏ సెయ్యి?"

"ఏం లేదక్కా. మంచిగనే ఉన్న."

"ఏ సెయ్యని అడిగినాను."

నూకరత్నం ఆమె కుడిమణికట్టు పట్టుకుని వేలెడంత ఎత్తింది. మాణిక్యాంబ ముఖం చెక్కినట్టే ఉంది. నింగిపలక మీద తొంభై ఎనిమిది కాస్తా తొంభై తొమ్మిదయింది. నుదుటి మీద నుంచి చెమట మాత్రం జారి కడియం మీద పడింది. నూకరత్నం చొక్కా మెడ పక్కకు లాగి చూసింది. భుజం ఉండవలసిన చోట లేదు.

"ఓలమ్మో!" అంది నూకరత్నం. పూస టిక్కుమంది. "విరిగిపోయిందే! ఇందాకట్నించీ ఇలగే నిల్చున్నావా? నోరిప్పి అరు."

"వద్దక్కా."

"అరవే గుంటా!"

"అరిస్తే వోతది."

"ఏటి పోద్ది?"

"నంబరు." మాణిక్యాంబ గొంతు వార్తలు చదువుతున్నట్టుంది. "మా అమ్మ వోయిన్నాడు గూడ నేను ఏడ్వలే. అందరు మెచ్చుకున్నరు. అదే రోజు తొంభై దాటింది. ఇప్పుడు భుజానికి అరిస్తే... అమ్మకు ఏడ్వనిదాన్ని, భుజానికి అరిస్తే ఎట్లక్కా?"

నూకరత్నం దగ్గర ఉన్నది ఒకటే పద్ధతి.

"గుమి!" అని కేకేసింది.

జట్టు వేదికెక్కింది. డాక్టర్ యశ్వి వద్దంటున్నా ఎక్కింది. పక్కటెముక పట్టుకుని వరహాలు కూడా ఎక్కింది. మాణిక్యాంబను మధ్యలో పెట్టి తలలు కలిపారు.

"సెప్పండర్రా. ఎవరికి ఎక్కడ? గట్టిగా సెప్పండి, పూసలకి కూడా వినపడాల."

"పక్కటెముకో!" అంది వరహాలు.

"పిక్కో!" "నడుమో!" "నా వేలో నాయనో!" ఒక్కొక్కరూ గొంతెత్తారు. నింగిపలక మీద అంకెలు పండుటాకుల్లా రాలుతున్నాయి. సంస్థ మనుషులు మైకు ఆపెయ్యమని సైగలు చేశారు. మైకు ఆగినా అరుపులు ఆగలేదు.

మాణిక్యాంబ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్లీ తెరిచింది. ఎన్నాళ్లుగానో వాడని కుళాయి తిప్పినట్టు గాలి మాత్రం వచ్చింది. ఆమె కళ్లలో మొదటిసారి భయం కనిపించింది. నొప్పికి కాదు ఆ భయం, అరుపు ఎలాగో గుర్తులేక.

అప్పుడు స్టాండు మొదటి వరసలోంచి వినిపించింది.

"ఓలమ్మోలమ్మో! నా మోకాలో! సచ్చిపోతన్నానర్రో!"

హన్వితమ్మ లేచి నిలబడి ముందు కడ్డీని రెండు చేతులా పట్టుకుని అరుస్తోంది. ఎనభై ఎనిమిది అంకె గల మనిషి. రెండుసార్లు ఓలమ్మో అంది. ఆ లెక్క ఆవిడకెలా తెలుసో నూకరత్నానికి అర్థం కాలేదు. పొద్దున్న గోడ పట్టుకుని లేచిన చెయ్యి మాత్రం గుర్తొచ్చింది. ఆవిడ పక్కనున్న ముసలమ్మ ఆవిడను చూసి, తన నడుం మీద చెయ్యేసుకుని అందుకుంది. ఆ వెనక వరస అందుకుంది. తుని జట్టువాళ్లు కూడా, ఓడిన కడుపుమంట కొంత కలుపుకుని, అందుకున్నారు.

"అమ్మా," అంది మాణిక్యాంబ.

చాలా చిన్నగా అంది. ఆ తర్వాత చిన్నగా అనలేదు. "అమ్మా! అమ్మా!" అని మైదానం దద్దరిల్లేలా ఏడ్చింది. అది భుజానికా, మరొకదానికా అని ఎవరూ అడగలేదు. వరహాలు తన పక్కటెముక సంగతి మరిచి ఆమె తలను గుండెకు ఆనించుకుంది.

స్ట్రెచర్ తెచ్చేవాళ్లు పరుగెత్తుకొచ్చారు. మాణిక్యాంబ వేళ్లలోంచి జారిపోతున్న కడియాన్ని డాక్టర్ యశ్వి అందుకుంది.

హర్షిత్ నాయుడు మాస్టారు నింగిపలక వైపు వేలు చూపించాడు. మాణిక్యాంబ సున్నా. నూకరత్నం సున్నా. అంతకన్నా కిందికి పలకకు అంకెలు లేవు.

"డాక్టరమ్మా," అన్నాడాయన ఎంతో వినయంగా. "కడియం మళ్లీ మీ చేతికే వచ్చింది, అంటే ఇంకా ఇవ్వనట్టే. అంకెలు సమానమైతే ఏం చెయ్యాలన్నారు పొద్దున?"

డాక్టర్ యశ్వి చేతిలోని కడియాన్ని చూసింది, పలకను చూసింది, ఫోను చూసింది. ఫోనులో సంస్థవారు ఏదో అంటున్నారు. ఆమె ఉబ్బిన బుగ్గ మీద చెయ్యేసుకుని, ఎవరికీ వినపడదనుకుని "అబ్బా" అంది. ఫోను జేబులో వేసేసింది.

"జట్టును అడగాలి," అంది. ఆ ఉద్యోగంలో చేరాక ఆమె ఎవరినీ ఏమీ అడిగి ఉండదు. అందుకే ప్రశ్న కాస్త తడబడింది. "మీకు... మీకెవరు కావాలి?"

"మా అప్పే!" అంది వరహాలు నూకరత్నాన్ని చూపిస్తూ. జట్టంతా అదే మాట.

స్ట్రెచర్ మీద నుంచి మాణిక్యాంబ ఎడమచెయ్యి ఎత్తింది. "నాది గూడ అక్కకే," అంది వెక్కుతూ. "భుజం మంచిగైనంక మళ్ల పోటీకొస్తక్కా. గప్పుడు ఓడగొడత."

"రా. వచ్చి ఓడించు. అరుస్తూ ఓడించు," అంది నూకరత్నం.

*

సంస్థ వాళ్లు మూడు పేజీల తాఖీదు పంపారు. మైదానంలో సామూహిక ఆర్తనాదం ఇకమీదట నేరమట. హర్షిత్ నాయుడు మాస్టారు దాన్ని గుమిలో చదివి వినిపించాడు. విన్నంతసేపూ జట్టు మర్యాదగా మూలిగింది. భీమవరం వెళ్లి ఆడితే అక్కడి గోడమనుషులు దెబ్బ తగలగానే "ఓరి నాయనో" అన్నారు. ఎక్కడి యాస అక్కడిది. ఊళ్లో ఆసుపత్రి పురిటిగది ముందు నుంచి పోయేవాళ్లు ఈమధ్య ఉలిక్కిపడుతున్నారు.

గుమ్మం పక్క పలక మీద ఎనభై ఎనిమిది ఇప్పుడు పన్నెండు. నూకరత్నం దాన్ని తీసేస్తానంటే హన్వితమ్మ ఒప్పుకోలేదు. ఉండనీ, ఎవరు నవ్వుతారో చూస్తానంది.

ఒక సాయంత్రం నూకరత్నం వేడినీళ్ల గిన్నె తెచ్చి సోఫా ముందు పెట్టింది. హన్వితమ్మ గోడ పట్టుకోకుండా, కోడలి భుజం పట్టుకుని, మెల్లగా కూలబడింది. ఎన్నో ఏళ్లుగా లోపలే దాచుకున్నది కాబోలు, తీరిగ్గా, రాగం తీసి మరీ అంది.

"ఓలమ్మో..."

చెవి వెనక పూస టిక్కుమంది.

"కోసుకోవే, కోసుకో," అంది హన్వితమ్మ దానితో, చీర మోకాలి పైకి జరుపుకుంటూ. "నాకింకా రెండోది కూడా ఉన్నాది."